కాగితం వెనక వైపు

సమర్కంద్ నుంచి తిరిగివస్తూ సరిహద్దులో మొదటి గేటు దాటేసరికి మధ్యాహ్నం ఒంటిగంట అయింది. అటువైపు వాళ్ళు పాస్‌పోర్టుల మీద ముద్ర కొట్టి, పొమ్మన్నట్టు చెయ్యి ఊపారు. రెండు గేట్ల మధ్య నీడలేని సిమెంటు దారి. ఇస్కందర్ చేతికో సంచి పట్టుకుని ముందు నడుస్తున్నాడు. వెనక అతని భార్య సవ్రీ, ఆమె పక్కన పదేళ్ళ కూతురు మునీరా. సవ్రీ భుజాన ఉన్న మూటలో ఆమె అక్క కట్టి ఇచ్చిన పన్నెండు సమర్కంద్ రొట్టెలు బరువుగా వేలాడుతున్నాయి. ఇక మిగిలింది మనవాళ్ళ గేటే కదా, గంటలో పంజకెంట్‌లో ఇంటి గుమ్మంలో ఉంటాం అనుకుంది సవ్రీ.

ఎనిమిదేళ్ళ తర్వాత అక్కను చూసి వస్తోంది ఆమె. రోడ్డున పడితే గంటన్నర ప్రయాణం, కానీ కాలు కదిపే వీలు దొరకలేదు. ఇస్కందర్ ఏటా మార్చిలో రష్యాకు పనికి వెళితే మళ్ళీ మంచు పడ్డాకే తిరిగొచ్చేవాడు. ముసలి అత్తగారిని, బడిని వదిలి ఆమె ఒంటరిగా బయలుదేరలేకపోయింది. ఈ ఏడు మామగారి సంవత్సరీకానికని అతను జూన్‌లోనే వచ్చాడు. ఆగస్టు ఇరవై ఎనిమిదిన మళ్ళీ వెళ్తానన్నాడు. ఈలోగా పిల్లకు సమర్కంద్ చూపించి వద్దామని తనే అన్నాడు కూడా.

సవ్రీ చిన్న తరగతుల టీచరు. సెప్టెంబరు ఒకటిన బడి తెరిచేసరికి ఐదో తరగతిలోకి వెళ్ళే పిల్లలంతా సెలవుల సంగతులతో ఒక నోటుబుక్కు నింపుకు రావాలని బడిలో చెప్పారు. పిల్లలు ఏం రాస్తారో ఆమెకు కంఠతా వచ్చు. వెళ్ళాం, చూశాం, చాలా బాగుంది. ముప్ఫై మంది రాస్తే ముప్ఫై నోటుబుక్కులూ ఒకే నోటుబుక్కులా ఉంటాయి. తన కూతురు అలా రాయకూడదని ఆమె పట్టుదల. అందుకని బయలుదేరే ముందే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు రాయాలి. ఎన్ని, ఎప్పుడు, ఎవరు అన్నవి ఉండాలి. తప్పులుంటే సాయంత్రం తను దిద్దుతుంది.

వెళ్ళేటప్పుడు మనవాళ్ళ గేటు బయటే మూడు గంటలు వరసలో నిలబడ్డారు. ఎండకు పిల్ల గునుస్తుంటే, నోరు మూయించడానికి సవ్రీయే నోటుబుక్కు తీసి చేతిలో పెట్టింది. కనిపించేవన్నీ గీయి, లెక్కపెట్టు అంది. మునీరా సంచి మీద కూర్చుని బుద్ధిగా గీసింది. బొమ్మ కుదిరిందని తల్లి మెచ్చుకుంది. ఆ రాత్రి నుంచి అక్కాచెల్లెళ్ళ కబుర్లకు అంతులేదు. నువ్వే రాసుకో, ఇంటికెళ్ళాక చూస్తాను అని సవ్రీ పిల్లను పంపేసింది. అలా ఐదు రోజులూ నోటుబుక్కు తెరిచి చూడలేదు.

మనవాళ్ళ గేటు దగ్గర సంచులు తెరవమన్నారు. మూతిమీద నూనూగు మీసాలున్న సిపాయి ఒకడు బట్టలు తీసి బల్ల మీద పెట్టాడు. హల్వా డబ్బా, అత్తగారికి, అంటే మునీరా బీబీకి, కొన్న శాలువా, ఇస్కందర్‌కు చలిదేశంలో పనికొస్తాయని సవ్రీ బజారులో ఏరి కొన్న నాలుగు జతల ఉన్ని మేజోళ్ళు. అన్నిటికన్నా అడుగున నోటుబుక్కు. సిపాయి ఊరికే పేజీలు తిప్పాడు. తిప్పి, ఒకచోట ఆగిపోయాడు. ఇంకో పేజీ తిప్పి మళ్ళీ వెనక్కి వచ్చాడు. నోటుబుక్కు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అతను తిరిగొచ్చింది పిలవడానికి. సంచులు అక్కడే వదిలి, ముగ్గురూ లోపలికి రమ్మన్నాడు. పాస్‌పోర్టులు, ఫోన్లు తీసుకున్నాడు. ఏమైందని ఇస్కందర్ రెండుసార్లు అడిగినా, నడవండి అన్నట్టు తలుపు చూపించాడు.

గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక పంకా. బల్ల వెనక కూర్చున్న కెప్టెన్‌కు నలభై దాటి ఉంటాయి. గరుకు గడ్డం, ఎర్రబడిన కళ్ళు. చాలాసేపటి నుంచి పనిలో ఉన్నవాడిలా కనిపించాడు. సవ్రీని, పిల్లను కూర్చోమన్నాడు. ఇస్కందర్‌ను గోడ దగ్గర నిలబడమన్నాడు. నోటుబుక్కు తెరిచి మునీరా వైపు తిప్పాడు.

"ఇది గీసింది నువ్వేనా?"

"నేనే, అమాక్," అంది మునీరా. తెలియని మగవాళ్ళను బాబాయ్ వరసలో అలా పిలవాలని ఇంట్లో నేర్పారు.

గేటు గీసి ఉంది. పక్కన సిపాయిలుండే బ్యారక్, దానికి ఎన్ని కిటికీలున్నాయో అన్నీ. పైన రేడియో స్తంభం. కింద వరసగా లారీల నంబర్లు, ఇరవై దాకా. కెప్టెన్ వేలు ఒక్కోదాని మీద ఆగుతూ వచ్చింది.

"ఈ కర్రల మీద ఉన్నవేమిటి?"

"కెమెరాలు. ఆరు. వాటిలో ఒకటి తిరగట్లేదు."

"తిరగట్లేదని నీకెట్లా తెలుసు?"

"మిగతావి తిరిగాయి. అదొక్కటే గోడకేసి చూస్తూ ఉండిపోయింది."

తలుపు దగ్గర సిపాయి నవ్వు ఆపుకోవడానికి దగ్గాడు. కెప్టెన్ నవ్వలేదు. కింద రాసి ఉన్న వాక్యం మీద వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు. 'రెండింటికి కాపలావాళ్ళు మారారు. లావుగా ఉన్నాయన పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు.'

"లెక్కపెట్టమని నీకు ఎవరు చెప్పారమ్మా?"

"అమ్మ."

కెప్టెన్ కుర్చీ సవ్రీ వైపు జరుపుకున్నాడు. పని ఏమిటని అడిగాడు. టీచరునని చెప్పింది. అతను తల ఊపిన తీరు చూస్తే, ఆ మాట చెప్పకుండా ఉంటేనే బాగుండేదనిపించింది. సరిహద్దు దగ్గర ఫొటోలు తీయకూడదన్న బోర్డు చూశారా అన్నాడు. చూశాను, ఇది ఫొటో కాదు, పిల్ల గీసిన బొమ్మ అంది. ఈ బొమ్మలో ఉన్నంత ఏ ఫొటోలోనూ ఉండదు అన్నాడు అతను. బడిలో ఇచ్చిన పని, సెలవుల నోటుబుక్కు అని ఆమె వివరించబోయింది. తరగతిలో తడబడే పిల్లలా మాటలు తునిగిపోయాయి.

"అపా, నేను మీ మీద నేరం మోపడం లేదు," అన్నాడు కెప్టెన్ అక్క వరస కలుపుతూ. "కానీ ఇది నా చేతిలో పడింది. రేపు పైవాళ్ళు అడిగితే, పదేళ్ళ పిల్లకు లారీల నంబర్లతో ఏం పని అంటే, నేనేం చెప్పాలి?"

"అది ఆట," అంది మునీరా. "నంబర్లో ఏడు ఉంటే నాకు, ఎనిమిది ఉంటే నాన్నకి."

"ఎవరు గెలిచారు?"

"నాన్న ఆడలేదు. ఫోన్లో ఉన్నాడు."

కెప్టెన్ ఇస్కందర్ వైపు చూశాడు. ఎవరితో ఫోన్ అని అడిగాడు. స్నేహితుడితో అన్నాడు ఇస్కందర్. అతని ముఖంలో రంగు మారడం సవ్రీ చూసింది. బొమ్మ గురించి భయపడుతున్నాడనుకుంది.

"వెనక ఏం రాశావు?" అంటూ కెప్టెన్ కాగితం తిప్పాడు.

మునీరా ఒక్కసారిగా కుర్చీ అంచుకు జరిగింది. "అది బొమ్మ గురించి కాదు, అమాక్."

"చూస్తాను."

"అది ఇంటి సంగతి," అన్నాడు ఇస్కందర్ గోడ దగ్గర నుంచి. "పిల్ల ఏదో రాసుకుంది. దాన్ని వదిలెయ్యండి, అకా," అని అన్న వరసలో బతిమాలాడు.

అలా అనడమే పొరపాటయింది. అంతవరకు అలసటగా ఉన్న కెప్టెన్ కళ్ళు చురుగ్గా మారాయి. కాగితాన్ని కిటికీ వెలుతురులోకి జరుపుకుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

'ఆగస్టు నాలుగు. వరసలో మా ముందు నూట పదకొండు మంది ఉన్నారు. నాన్న ఫోను మాట్లాడడానికి పక్కకి వెళ్ళాడు. నేనూ వెనకే వెళ్ళాను. నాన్న షరీఫ్ అమాక్‌తో, పేరు ఇంకోసారి చూడు, తప్పు పడిందేమో అన్నాడు. తర్వాత, ఐదేళ్ళా అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. గోడకేసి తిరిగి నిలబడ్డాడు. కంట్లో దుమ్ము పడిందన్నాడు. గాలి లేదు. నాన్నను ఇక రష్యాకు రానివ్వరట. అమ్మకీ బీబీకీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు, రాశాను.'

కింద ఇంకా రెండు వాక్యాలున్నాయి. వాటిని కెప్టెన్ పైకి చదవలేదు. కళ్ళతో చదువుకుని కాగితం బల్ల మీద పెట్టాడు.

సవ్రీ భర్త వైపు చూసింది. అతను తల వంచుకుని బూట్ల వైపు చూస్తున్నాడు. ఇల్లు నడిచేది ఆ చలిదేశపు పని మీద. అది పోయిందన్న సంగతి ఆమెకు ఒక సిపాయి ఎదుట, ముక్కూ మొహం తెలియని కెప్టెన్ గొంతులో తెలిసింది. ఏడుపు రాలేదు.

"ఏం చేశారు అక్కడ?" అన్నాడు కెప్టెన్. గొంతు గట్టిగానే ఉంది.

ఇస్కందర్ చెప్పాడు. నివాసం కాగితం ఒక మేస్త్రీ రాయించి ఇచ్చాడు. అందులో ఉన్న చిరునామాలో ఆ ఇల్లే లేదట. అది తనకు తెలియదు. ఇంటికి బయలుదేరినప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. వచ్చాక స్నేహితుడు కంప్యూటర్‌లో చూస్తే, రాకూడనివాళ్ళ జాబితాలో తన పేరుంది. అంతే. దొంగతనం లేదు, కొట్లాట లేదు. చెబుతున్నంతసేపూ అతను కెప్టెన్‌నే చూశాడు, పొరపాటున కూడా భార్య వైపు చూడలేదు.

కెప్టెన్ పాస్‌పోర్టులు, ఫోన్లు, నోటుబుక్కు తీసుకుని పక్క గదిలోకి వెళ్ళాడు.

నలభై నిమిషాలు. గోడ మీద గడియారం ఉంది కనుక సవ్రీకి ఆ లెక్క తెలిసింది. పంకా కిరకిరలాడుతూ తిరిగింది. సిపాయి తలుపు దగ్గరే నిలబడ్డాడు. అడగాల్సినవి ఆమె నాలుక చివర నిలబడ్డాయి కానీ, వాడి ముందు నోరు విప్పదలచుకోలేదు. పక్క గదిలో కెప్టెన్ ఫోన్లో ఎవరితోనో ఇస్కందర్ ఇంటిపేరు రెండుసార్లు పలకడం వినిపించింది. మునీరా తల్లి చెయ్యి పట్టుకోబోయింది. సవ్రీ చెయ్యి వెనక్కి తీసుకుంది. తీసుకున్నాక తన పనికి తనే సిగ్గుపడింది. పిల్ల చేతిని లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది.

"నేను చెప్పలేదమ్మా," అంది మునీరా గుసగుసగా.

"తెలుసు. మాట్లాడకు."

కెప్టెన్ తిరిగొచ్చి పాస్‌పోర్టులు, ఫోన్లు బల్ల మీద పెట్టాడు. మీ మీద ఏమీ లేదు అన్నాడు. బొమ్మ ఉన్న కాగితం మాత్రం ఇక్కడే ఉండాలి, మిగతా నోటుబుక్కు తీసుకుపోవచ్చు. పిల్ల తెలియక గీసింది, ఇకముందు జరగదు అని తల్లి నాలుగు ముక్కలు రాసి సంతకం పెడితే చాలు. సవ్రీ రాసింది. అక్షరాలు ఆమెవి కానట్టు వంకర పోయాయి.

కెప్టెన్ ఇనుప కొలబద్ద అంచుకు పెట్టి కాగితం చింపబోయాడు.

"వెనక వైపు నాది, అమాక్," అంది మునీరా.

"ముందు వైపూ నువ్వు గీసిందేగా."

"ముందు వైపు మీది. మీ గేటు, మీ కెమెరాలు. వెనక వైపు నాది."

ఇస్కందర్ ఊరుకోమని కసిరాడు. పిల్ల ఊరుకోలేదు. ఏడవనూ లేదు. కెప్టెన్ కొలబద్ద ఒత్తి పట్టి కాగితం నిదానంగా, అంచు చెడకుండా చింపాడు. బొమ్మ వైపు కిందికి ఉండేటట్టు బల్ల మీద పెట్టి సవ్రీ ముందుకు జరిపాడు.

"ఇంకో పేజీలో దించుకోమనండి. మీరు చదవండి, తను రాస్తుంది. తొందరగా కానివ్వండి, బయట జనం ఉన్నారు."

సిపాయి ఒక పెన్ను ఇచ్చాడు. మునీరా కొత్త పేజీ తెరిచి తేదీ వేసింది. సవ్రీ చదవడం మొదలుపెట్టింది. వరసలో నూట పదకొండు మంది. నాన్న ఫోను. ప్రతి సాయంత్రం బడిపిల్లలకు ఉక్తలేఖనం చెప్పే గొంతే అది. రెండేసి మాటలు చెప్పి ఆగుతుంది, పెన్ను అందుకునేదాకా చూస్తుంది. పేరు ఇంకోసారి చూడు. తప్పు పడిందేమో. అక్కడిదాకా బాగానే వచ్చింది. తర్వాతి మాట దగ్గర గొంతు ఆగిపోయింది. మునీరా పెన్ను ఎత్తి పట్టుకుని ఎదురుచూసింది. కెప్టెన్ కిటికీ వైపు తిరిగాడు.

"ఐదేళ్ళా," అన్నాడు ఇస్కందర్.

గోడ దగ్గర నుంచి కదిలి వచ్చి పిల్ల కుర్చీ వెనక నిలబడ్డాడు. మిగతాది కాగితం చూడకుండా అతనే చెప్పాడు. "తర్వాత ఏమీ అనలేదు. గోడకేసి తిరిగి నిలబడ్డాడు. దుమ్ము పడిందన్నాడు. రాయి, గాలి లేదు. నాన్నను ఇక రష్యాకు రానివ్వరట. అమ్మకీ..." ఇక్కడ అతను ఆగి, భార్య వైపు చూసి పూర్తి చేశాడు. "అమ్మకీ బీబీకీ చెప్పొద్దన్నాడు."

'నేను చెప్పలేదు, రాశాను' అన్నది మునీరా తనంతట తనే రాసుకుంది. చివరి రెండు వాక్యాలు ఇస్కందర్‌కు తెలియవు. వాటిని సవ్రీ చదివింది. 'సెప్టెంబరు ఒకటిన నాన్న నన్ను బడికి తీసుకెళ్తాడు. ఇంతవరకు ఒక్కసారి కూడా తీసుకెళ్ళలేదు.'

కెప్టెన్ కాగితం తీసుకుని ఒక దస్త్రంలో పెట్టాడు. వెళ్ళిరండి అన్నాడు. వాళ్ళు తలుపు దాటుతుంటే, వెనక నుంచి సిపాయితో ఆ తిరగని కెమెరా సంగతి చూడమని చెప్పడం వినిపించింది.

బయట టాక్సీవాళ్ళు పంజకెంట్, పంజకెంట్ అని మీదపడ్డారు. ఇస్కందర్ సంచులు ఒక కారులో పెట్టించాడు కానీ సవ్రీ ఎక్కలేదు. మునీరాను లోపల కూర్చోబెట్టి తలుపు వేసి, రోడ్డు పక్క పుచ్చకాయల గుట్ట అవతలికి నడిచింది. అతను వెనకే వచ్చాడు.

"ఎప్పుడు తెలిసింది మీకు?"

"జులైలో. నమ్మలేదు. ఏదో పొరపాటు, సరిచేయిస్తాననుకున్నాను. ఆ రోజు వరసలో ఖాయమైంది."

"ఖాయమయ్యాక ఐదు రోజులు నా పక్కనే తిరిగారు. నేను మేజోళ్ళు బేరమాడుతుంటే నిలబడి, నల్లవి తీసుకో, మాపు కనబడదు అన్నారు."

"నీ ముఖంలో ఆ సంతోషం చూసి ఎనిమిదేళ్ళయింది, సవ్రీ. అక్కతో గడిపే ఆ ఐదు రోజులూ పాడుచేయలేకపోయాను."

"నా సంతోషం కోసం పిల్ల నోరు నొక్కారు. అది భోజనం దగ్గర కూర్చుని, మింగలేక కక్కలేక అవస్థ పడిందేమో. నేను అక్కతో కబుర్లలో పడి దాని మొహమే చూడలేదు." కోపం సగం అతని మీద, సగం తన మీద అని అప్పుడు ఆమెకు తెలిసింది.

పుచ్చకాయలవాడు కొంటారేమోనని లేచి, వాళ్ళ ముఖాలు చూసి మళ్ళీ కూర్చున్నాడు.

"పని సంగతి ఎలాగో తంటాలు పడదాం," అంది సవ్రీ చివరికి. "అది నన్ను భయపెట్టడం లేదు. కాదు, భయపెడుతోంది. కానీ ఇద్దరం కలిసి భయపడాలి. మీరొక్కరే భయపడుతుంటే నేను ఊరంతా తిరిగి మేజోళ్ళు కొన్నాను. అది నేను మరచిపోవడానికి చాలాకాలం పడుతుంది."

"తెలుసు."

"మీ అమ్మకు మీరే చెప్పాలి. నేను చెప్పను. పిల్ల చేత చెప్పించడం అసలే వద్దు. ఇవాళే."

కారులో డ్రైవరు పాటలు పెడతానంటే వద్దన్నారు. మునీరా ఇద్దరి మధ్యా కూర్చుని నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుంది. చింపిన చోట అంచు వేలితో తడుముతూ, ఈ పేజీ బడిలో చూపించాలా అని అడిగింది. అది నీ ఇష్టం అన్నాడు ఇస్కందర్. సవ్రీ అతని వైపు చూసింది. బడిలో చూపిస్తే మర్నాటికి ఊరంతా తెలుస్తుందని ఆమెకు తెలుసు, అతనికీ తెలుసు. ఆలోచించుకో, ఇంకా మూడు వారాలుంది అంది కూతురితో.

ఇంటికి చేరేసరికి నాలుగయింది. పెరట్లో ద్రాక్షపందిరి కింద అత్తగారు ఆప్రికాట్లు చీల్చి ఎండబెడుతోంది. ఇంత ఆలస్యమేమిటని అడిగింది. రొట్టె ముట్టుకుని కళ్ళకద్దుకుంది, శాలువా రంగు బాగుందంది. అక్క ఎలా ఉందో చెప్పమంది. సవ్రీ రెండు మాటల్లో చెప్పి ఊరుకుంది. ఎప్పుడూ అయితే ఈపాటికి టీ కాచడానికి లోపలికి వెళ్ళేది. ఇవాళ వెళ్ళలేదు. పందిరి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

ఇస్కందర్ బూట్లు విప్పి, తల్లి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. పళ్ళెంలోంచి ఒక ఆప్రికాట్ తీసి చీల్చాడు. గింజ పక్కన పెట్టాడు. ఇంకోటి తీశాడు. మునీరా గుమ్మంలోంచి చూస్తోంది. ముసలావిడ చేతులు ఆపి కొడుకు ముఖంలోకి చూసింది.

"ఏంట్రా? ఏదో చెప్పాలని వచ్చి కూర్చున్నావు."

"అవునమ్మా," అన్నాడు ఇస్కందర్. "చేతిలో కత్తి పక్కన పెట్టు, చెబుతాను."

సవ్రీ స్తంభం దగ్గర నుంచి వచ్చి అతని పక్కన కూర్చుంది.